సైన్స్ కమ్యూనికేటర్ల సదస్సులు, మీటప్‌లు: వేటికి వెళ్లాలి, ఎప్పటి నుంచి చూసుకోవాలి

రెండేళ్లుగా సైన్స్ మీద రాస్తున్నారు, అప్పుడప్పుడూ వీడియోలు చేస్తున్నారు, వెనక యూనివర్సిటీ గానీ పత్రిక గానీ లేదు, పెట్టుకోగలిగిన ఖర్చు తక్కువ, వచ్చే ఏడాది ఒకటి రెండు సదస్సులకు వెళ్లాలనుంది, వేటికి వెళ్లమంటారు అని అడిగారు. వెళ్లండి, ఉపయోగం ఉంటుంది. కాకపోతే 'రాబోయే సదస్సులు' అని వెతికి, దొరికిన జాబితాలో తేదీ కుదిరినదానికి టికెట్ కొనేస్తే మాత్రం మూడు రోజులు వెనక వరుసలో కూర్చుని, మెడలో ట్యాగ్‌తో ఫొటో దిగి వచ్చేస్తారు. మీ క్యాలెండర్‌లో రాసుకోవాల్సిన తేదీ సదస్సు మొదలయ్యే రోజు కాదు, ప్రతిపాదనలు, అంటే అక్కడ మీరు ఏం చెప్తారో రాసి పంపే కాగితం, పంపడానికి ఆఖరి రోజు. పెద్ద అంతర్జాతీయ సదస్సుల్లో అది ఏడెనిమిది నెలల ముందే అయిపోతుంది. ట్రావెల్ గ్రాంట్లు కూడా ఎక్కువ చోట్ల ఏదో ఒకటి సమర్పించేవాళ్లకే ముందు ఇస్తారు. అంటే మీరు 'ఈ మధ్య ఏమున్నాయి' అని వెతికేసరికి మీలాంటివాళ్ల కోసం పెట్టిన తలుపులు సగం మూసేసి ఉంటాయి.

ముందు ఒక విషయం తేల్చుకోండి. సైన్స్ కమ్యూనికేషన్ పేరుతో జరిగేవన్నీ ఒకే రకం మనుషుల కోసం కాదు. ఈ రంగాన్నే పరిశోధనాంశంగా చదివేవాళ్లు ఒక గుంపు. సైన్స్ జర్నలిస్టులు ఇంకో గుంపు. మ్యూజియంలు, సైన్స్ సెంటర్లు, ప్లానెటేరియంలు నడిపేవాళ్లు మరో లోకం. యూనివర్సిటీల ప్రెస్ ఆఫీసుల వాళ్లు, డాక్యుమెంటరీలు తీసేవాళ్లు వేరు. ఒకరి సదస్సులో ఇంకొకరు బోర్ కొట్టి చస్తారు. మీరు రాసేవాళ్లు కాబట్టి ఆ కోణంలోనే చెప్తాను, మిగతావి తగిలినప్పుడు అంటాను.

పరిశోధకుల వైపు అన్నిటికన్నా పెద్దది పీసీఎస్‌టీ (పబ్లిక్ కమ్యూనికేషన్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ) నెట్‌వర్క్ సదస్సు. 1989లో ఫ్రాన్స్‌లోని పొయిటియర్స్‌లో మొదలైంది, రెండేళ్లకోసారి ఖండాలు మారుతూ జరుగుతుంది. 2010లో న్యూఢిల్లీ, 2014లో బ్రెజిల్‌లోని సాల్వడార్, 2018లో న్యూజిలాండ్‌లోని డునెడిన్. చాలాకాలం సరి సంవత్సరాల్లో వచ్చేది. 2020లో అబర్డీన్‌లో జరగాల్సింది కోవిడ్ వల్ల 2021లో ఆన్‌లైన్‌లో పెట్టారు, అప్పటి నుంచి బేసి సంవత్సరాలకు మారింది: 2023 రాటర్‌డామ్, 2025 మే నెలలో మళ్లీ అబర్డీన్, ఈసారి నిజంగా. ఈ లెక్కన తర్వాతి వంతు 2027ది, కాబట్టి ప్రతిపాదనల పిలుపు కోసం దానికి ముందు ఏడాది నుంచే కన్నేసి ఉంచాలి. అక్కడ పరిశోధన పత్రాలే కాదు, మేం ఇలా చేశాం, ఇలా అయింది అని చెప్పుకునే సెషన్లు, పోస్టర్లు (చేసిన పనిని ఒక పెద్ద కాగితం మీద వేసి పక్కన నిలబడి వివరించడం), రౌండ్‌టేబుళ్లు కూడా ఉంటాయి. సంస్థ లేనివాళ్లు దూరేది ఆ సందులోంచే.

జర్నలిస్టులది వరల్డ్ కాన్ఫరెన్స్ ఆఫ్ సైన్స్ జర్నలిస్ట్స్. 1992లో టోక్యోలో మొదటిది. 2017 శాన్ ఫ్రాన్సిస్కో, 2019 లోజాన్, కోవిడ్ గ్యాప్ తర్వాత 2023లో కొలంబియాలోని మెడెయిన్, 2025 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా. ఆఫ్రికా ఖండంలో జరగడం అదే మొదటిసారి. నిజానికి 2011లోనే కైరోలో జరగాల్సింది, ఆ ఏడాది అక్కడి తిరుగుబాటు వల్ల దోహాకు మార్చారు. ఇదీ రెండేళ్లకోసారే. వాతావరణం, ఆరోగ్యం, డేటా, ఏఐ మీద రిపోర్టింగ్ ఎలా చేయాలో చేతిపనిగా నేర్పే సెషన్లు ఇందులో ఎక్కువ. తక్కువ ఆదాయ దేశాల నుంచి వచ్చేవాళ్లకు ప్రయాణ ఫెలోషిప్‌లు ఇచ్చిన ఆనవాయితీ కూడా ఉంది.

ఇక అంతరిక్షం, ఖగోళం మీ సబ్జెక్టు అయితే ఆ రెండిటికన్నా ముందు చూడాల్సింది సీఏపీ (కమ్యూనికేటింగ్ ఆస్ట్రానమీ విత్ ది పబ్లిక్). అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆధ్వర్యంలో, ఖగోళాన్ని జనానికి చెప్పేవాళ్ల కోసమే జరిగే సదస్సు. 2018లో జపాన్‌లోని ఫుకుఓకాలో, 2024 జూన్‌లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో జరిగింది. ప్లానెటేరియం వాళ్లు, అమెచ్యూర్ అబ్జర్వర్లు, టీచర్లు, వీడియోలు చేసేవాళ్లు కలిసి ఉండటం వల్ల మీ హోదా ఏంటని ఎవరూ పట్టించుకోరు. మ్యూజియం పనివైపు మొగ్గు ఉంటే యూరప్‌లో సైన్స్ సెంటర్లు, మ్యూజియంల వాళ్లు ఏటా జూన్‌లో జరుపుకునే ఎక్‌సైట్ సదస్సు ఉంది, అమెరికా వైపు అలాంటిదే ఏఎస్‌టీసీ (అసోసియేషన్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటర్స్) సదస్సు ఉంది. డాక్యుమెంటరీల ఆశ ఉంటే వరల్డ్ కాంగ్రెస్ ఆఫ్ సైన్స్ అండ్ ఫ్యాక్చువల్ ప్రొడ్యూసర్స్ ఉంది గానీ, అది ఐడియాలు అమ్ముకునే మార్కెట్. చేతిలో సరుకు లేకుండా ఆ ఫీజు కట్టకండి.

ఇప్పుడు నా అసలు సలహా. మీరు చిన్నబుచ్చుకోనంటే, మొదటి డబ్బు సైన్స్ కమ్యూనికేషన్ సదస్సు మీద పెట్టొద్దు. మీరు రాసే సబ్జెక్టుకు సంబంధించిన శాస్త్రవేత్తల సదస్సుకు ప్రెస్ రిజిస్ట్రేషన్ మీద వెళ్లండి. యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ వాళ్ల సభ ఏటా వసంతంలో వియన్నాలో జరుగుతుంది, అమెరికన్ జియోఫిజికల్ యూనియన్‌ది డిసెంబర్‌లో, ఏఏఏఎస్ (అమెరికన్ అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ సైన్స్)ది ఫిబ్రవరిలో. వీటిల్లో అర్హత ఉన్న జర్నలిస్టులకు, ఫ్రీలాన్సర్లతో సహా, ప్రవేశం ఉచితం. అర్హత అంటే సాధారణంగా మీ పేరుతో ఈమధ్య అచ్చయిన కొన్ని వ్యాసాలు చూపించడం. నిబంధనలు ఒక్కో చోట ఒక్కో రకం, సొంత ఛానల్ వీడియోలను లెక్కలోకి తీసుకునేవాళ్లున్నారు, తీసుకోనివాళ్లున్నారు, కాబట్టి ముందు ప్రెస్ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి అడగండి. వాళ్లు జవాబిస్తారు, వాళ్ల ఉద్యోగమే అది.

ఎందుకు ఇది ముందు అంటున్నానంటే, సైన్స్ కమ్యూనికేటర్ల సదస్సులో మీరు అందరిలో ఒకరు. శాస్త్రవేత్తల సదస్సులో వేలమంది పరిశోధకుల మధ్య రాసేవాళ్లు గుప్పెడు మందే ఉంటారు. ప్రెస్ రూమ్‌లో ఒక పొడవాటి బల్ల, ముగ్గురు పరిశోధకులు, ఎదురుగా సగం ఖాళీ కుర్చీలు. ప్రశ్నల సమయం అయిపోయాక వాళ్లు వెంటనే లేచిపోరు, అక్కడే నిలబడి కాఫీ తాగుతారు. ఆ పది నిమిషాల్లో మీరు ఒక పీహెచ్‌డీ విద్యార్థిని 'మీ గ్రాఫ్‌లో ఈ ఎర్ర గీత మధ్యలో ఎందుకు తెగింది' అని అడిగితే మీకు ఒక వ్యాసం, ఒక పరిచయం, రేపు అనుమానం వస్తే రాయడానికి ఒక మెయిల్ ఐడీ దొరుకుతాయి. ఎంబార్గో ఉన్న సమాచారం, అంటే ఫలానా టైమ్ దాకా ప్రచురించొద్దనే షరతుతో ముందే ఇచ్చేది, ఇస్తే చెప్పిన టైమ్ దాకా బయటపెట్టకండి, ఒక్కసారి ఆ నమ్మకం పోతే మళ్లీ పిలవరు. ఇంకో సంగతి, ఇదే సభల్లో ఔట్‌రీచ్, సైన్స్ కమ్యూనికేషన్ మీద కూడా సెషన్లు ఉంటాయి. అంటే ఒకే ప్రయాణంలో రెండూ.

అంత దూరం వెళ్లే వీలే లేదంటారా, చిన్న మీటప్‌లను తక్కువగా చూడకండి. కెఫె సైంటిఫీక్ అనేది 1998లో లీడ్స్‌లో డంకన్ డాలస్ అనే టీవీ ప్రొడ్యూసర్ మొదలుపెట్టాడు. ఒక శాస్త్రవేత్త కాసేపు మాట్లాడతాడు, సాధారణంగా స్లైడ్లు లేకుండా. తర్వాత గ్లాసులు నింపుకోవడానికి విరామం, ఆ తర్వాత ఎంతసేపైనా చర్చ. ఆ విరామమే కిటుకు. అప్పటిదాకా నోరు మెదపని మనిషి పక్కవాడితో గొణిగి, ఆ గొణుగుడు ప్రశ్నగా మారి, విరామం కాగానే చెయ్యి ఎత్తుతాడు. మీ పనికి ఇది పాఠం: శ్రోతలు ఎక్కడ తికమక పడుతున్నారో కామెంట్ల సెక్షన్ కన్నా ఇక్కడ బాగా కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు పబ్బుల్లో జనంతో మాట్లాడే పింట్ ఆఫ్ సైన్స్ కూడా ఇదే కోవది. 2012లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఇద్దరు పరిశోధకులు రోగులను తమ ల్యాబ్‌లకు పిలిచి పని చూపించారు. రోగులు ల్యాబ్‌కు రాగలిగితే శాస్త్రవేత్తలు జనం దగ్గరికి ఎందుకు వెళ్లకూడదన్న ఆలోచనతో 2013 మేలో పండగలా మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఏటా మే నెలలో జరుగుతుంది. బోస్టన్‌లో 2003లో పుట్టిన నెర్డ్ నైట్, బార్లలో సరదా ప్రసంగాల కార్యక్రమం, ఇంకాస్త అల్లరిది.

వీటికి ప్రేక్షకులుగా కాకుండా వాలంటీర్‌గా వెళ్లండి. పింట్ ఆఫ్ సైన్స్ మొత్తం వాలంటీర్ల మీదే నడుస్తుంది, వక్తలను వెతికి, ఒప్పించి, వాళ్ల స్లైడ్లలోంచి పరిభాష పీకేయించేది వాళ్లే. ఒక సీజన్ ఆ పని చేస్తే ఏ సదస్సుకు వెళ్లినా రాని పరిచయాలు వస్తాయి. మీ ఊళ్లో ఏదీ లేకపోతే మీరే పెట్టుకోవచ్చు, కెఫె సైంటిఫీక్‌కు ఫ్రాంచైజీ ఫీజు లాంటివి లేవు.

ఒక హెచ్చరిక. ఇలాంటి కార్యక్రమాలు నలుగురైదుగురి ఓపిక మీద నిలబడతాయి. సైన్స్ఆన్‌లైన్ అని అమెరికాలో ఒకటుండేది, 2007లో సైన్స్ బ్లాగర్ల చిన్న సమావేశంగా మొదలై, వక్త ప్రసంగం కాకుండా అందరూ కలిసి చర్చించే పద్ధతితో చాలా పేరు తెచ్చుకుంది. 2014లో సంస్థే మూతపడింది. కాబట్టి పాత వ్యాసంలో ఎవరో గొప్పగా రాశారని ప్లాన్ వేసుకోకుండా, వెబ్‌సైట్‌లో ఈ ఏడాది పేరు, ఈ ఏడాది కమిటీ, ఈ ఏడాది వేదిక ఉన్నాయో లేవో చూసుకోండి.

పీహెచ్‌డీ చేసే స్నేహితులుంటే కామ్‌సైకాన్ గురించి చెప్పండి. హార్వర్డ్, ఎంఐటీ విద్యార్థులు 2013లో తొలిసారి పెట్టిన వర్క్‌షాప్ అది. పాల్గొనడం ఉచితం, దరఖాస్తు చేసుకుని ఎంపికవ్వాలి, తలా ఒక వ్యాసం రాసుకొచ్చి అనుభవజ్ఞుల చేత దిద్దించుకుంటారు. గ్రాడ్యుయేట్ విద్యార్థుల కోసమే కాబట్టి మీకు వర్తించదు, కానీ ఆ పద్ధతి ఎత్తుకొచ్చి మీ నలుగురు మిత్రులతో ఒక శనివారం చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రతిపాదన సంగతికి వద్దాం, ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. 'సోషల్ మీడియాలో సైన్స్: అవకాశాలు, సవాళ్లు' అని పంపితే చదివే కమిటీ మనిషికి ఆవలింత వస్తుంది, అలాంటివి కుప్పలుగా వస్తాయి. అదే మీరు 'వాతావరణ మార్పు వీడియోల కింద పదేపదే వచ్చే ఒకే అభ్యంతరానికి రెండు రకాలుగా జవాబిచ్చి చూశాం, ఒకదాని కింద సంభాషణ సాగింది, రెండోదాని కింద ఆగిపోయింది' అని రాస్తే, ఇది ఎవరో నిజంగా చేసిన పని అని మొదటి వాక్యంలోనే తెలుస్తుంది. ఏం చేశారు, ఎవరి కోసం, ఏమైందని ఎలా తెలుసుకున్నారు, వినేవాళ్లు తమ పనిలో ఏం వాడుకోవచ్చు. ఈ నాలుగూ చాలు. మూడోది మరీ ముఖ్యం. సైన్స్ కమ్యూనికేషన్ సదస్సులో మీరు ఏం చెప్పినా ఎవరో ఒకరు లేచి 'అది పనిచేసిందని మీకెలా తెలుసు' అంటారు. వ్యూస్ సంఖ్య చెప్పి కూర్చోబెట్టలేరు. కామెంట్లను రకాలుగా విడదీసి లెక్కపెట్టినా సరే, పదిమంది పాఠకులతో ఫోన్‌లో మాట్లాడినా సరే, ఏదో ఒక ఆధారం ఇప్పటి నుంచే పోగుచేసుకోండి. ఇంకా, మొదటిసారి ప్రసంగం కన్నా పోస్టర్‌కు పంపడం తెలివైన పని. ప్రసంగానికి పది పదిహేను నిమిషాలిచ్చి దింపేస్తారు, పోస్టర్ దగ్గర ఆసక్తి ఉన్నవాళ్లు తామే వచ్చి నిలబడతారు.

వెళ్లేముందు కాస్త చదువుకోండి, లేకపోతే పీసీఎస్‌టీ లాంటి చోట భాష అర్థం కాదు. 'డెఫిసిట్ మోడల్' అన్న మాట గంటకోసారి వినబడుతుంది. జనానికి తెలియకపోవడమే సమస్య, సమాచారం పోస్తే సరిపోతుంది అనే ధోరణికి పెట్టిన పేరు అది, అక్కడ దాదాపు తిట్టు కింద లెక్క. దాని మీద అందరూ ఎత్తే ఉదాహరణ బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త బ్రయన్ విన్ 1992లో ప్రచురించిన, వాయవ్య ఇంగ్లండ్‌లోని కంబ్రియా గొర్రెల రైతుల అధ్యయనం. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఇంగ్లండ్ కొండల్లో రేడియోధార్మిక సీసియం పడింది, గొర్రెల అమ్మకంపై ఆంక్షలు పెట్టారు, కొన్ని వారాల్లో తగ్గిపోతుందని శాస్త్రవేత్తలు చెప్పారు. తగ్గలేదు. వాళ్ల అంచనా బంకమట్టి నేలల లెక్క మీద వేసింది, అక్కడివేమో కుళ్లిన మొక్కలతో ఏర్పడిన పీట్ నేలలు, సీసియం గడ్డిలోకి తిరిగి తిరిగి వస్తూనే ఉంది. ఆ కొండల మీద మేత ఎలా సాగుతుందో తెలిసిన రైతులను ఎవరూ అడగలేదు, నమ్మకం పోయింది. చివరి ఆంక్షలు ఎత్తేసింది 2012లో. ఈ ఒక్క కథ బాగా తెలిస్తే సగం చర్చలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థమవుతుంది. సైన్స్ కమ్యూనికేషన్ పరిశోధనలు వేసే జేకామ్ అనే పత్రిక ఉచితంగా చదవొచ్చు, సదస్సుల సమీక్షలు కూడా వేస్తుంది, వెళ్లలేని ఏడాది వాటితో గడిపేయొచ్చు.

మోసపు సదస్సుల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మీ పేరు ఎక్కడో దొరకబుచ్చుకుని 'గౌరవనీయ డాక్టర్ గారూ, ముఖ్య వక్తగా ఆహ్వానిస్తున్నాం' అని మెయిల్ వస్తుంది. మీరు డాక్టర్ కాదని మీకు తెలుసు కదా, అక్కడే ఆగండి. ఒకే హోటల్‌లో ఒకే రోజు సైన్స్ కమ్యూనికేషన్, దంతవైద్యం, సివిల్ ఇంజినీరింగ్ సదస్సులు జరుగుతున్నాయంటే, అబ్‌స్ట్రాక్ట్ (ప్రతిపాదన సారాంశం) పంపిన రెండో రోజే ఆమోదించారంటే, గడువు నెలనెలా పొడిగిస్తున్నారంటే, కమిటీలో ఉన్నారని చెప్పిన వాళ్ల సొంత పేజీల్లో దాని ఊసే లేదంటే డబ్బు కట్టకండి. అనుమానం వస్తే ఒక కమిటీ సభ్యుడికి నేరుగా మెయిల్ రాయండి. తన పేరు వాడుకున్నారని అప్పుడే తెలిసినవాళ్లుంటారు.

డబ్బు, వీసా. రిజిస్ట్రేషన్ ఫీజులో ముందస్తు రేటు, విద్యార్థి రేటు, తక్కువ ఆదాయ దేశాల రేటు వేర్వేరుగా ఉంటాయి, ఫ్రీలాన్సర్లకు రాయితీ ఉందా అని అడిగితేనే చెప్పే చోట్లూ ఉన్నాయి. సెషన్లు నడిపేవాళ్లకు సాయం చేయడం, రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర కూర్చోవడం లాంటి పనులకు ఫీజు మాఫీ చేసేవాళ్లున్నారు. వీసా కావాల్సిన దేశమైతే, డబ్బు కట్టేముందే రెండు అడగండి: ఆహ్వాన పత్రం ఎప్పుడిస్తారు, వీసా తిరస్కరిస్తే ఫీజు వెనక్కిస్తారా. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, ప్రాసెసింగ్ మామూలుగా 15 రోజులన్నా 45 రోజుల దాకా సాగొచ్చు, అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే టైమ్ దీనికి అదనం. ఈ టెన్షన్ వద్దనుకుంటే ఆన్‌లైన్ టికెట్ ఉందేమో చూడండి. ఆన్‌లైన్‌లో ప్రసంగాలు దొరుకుతాయి, మనుషులు దొరకరు, ఆ తేడా తెలిసి కొనండి.

అక్కడికి వెళ్లాక ప్రతి సెషన్‌లోనూ కూర్చోవాలని రూల్ లేదు. రోజుకు రెండో మూడో గట్టిగా ఎంచుకుని, మిగతా టైమ్ పోస్టర్ల దగ్గర, టీ దగ్గర తిరగండి. పేరు మోసిన వక్త చుట్టూ మూగే గుంపులో నిలబడే బదులు, మీలాంటి పనే ఇంకో భాషలో చేస్తున్న మనిషిని పట్టుకోండి. చిన్న భాషల్లో సైన్స్ చెప్పేవాళ్ల ఇబ్బందులు ప్రపంచమంతా ఒకటే, పారిభాషిక పదాల గొడవ, డబ్బు గొడవ, శాస్త్రవేత్తలు ఇంగ్లిష్‌లో తప్ప నోరు విప్పకపోవడం. వాళ్లను 'మీరు మొదలుపెట్టి మానేసిన పనేంటి' అని అడగండి, స్టేజీ మీద ఎవరూ చెప్పనివి అప్పుడు బయటికొస్తాయి. వచ్చిన వారంలోపు, మాట్లాడిన విషయం గుర్తుచేస్తూ, మీరు పంపిస్తానన్న లింకో వ్యాసమో జతచేసి మెయిల్ పెట్టండి. ఉత్త 'కలవడం సంతోషం' మెయిల్స్‌కు జవాబు రాదు.

మీరు ఏ సబ్జెక్టు మీద ఎక్కువ రాస్తారో, ఇంతవరకు ఎక్కడ అచ్చయ్యాయో చెబితే ప్రెస్ రిజిస్ట్రేషన్‌కు ఏది సరిపోతుందో ఇంకాస్త కచ్చితంగా చెప్తాను. ఈలోపు పాత వ్యాసాల్లో మీ పేరుతో అచ్చయినవి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, ప్రెస్ ఆఫీసు వాళ్లు అడిగే మొదటి వస్తువు అదే.